మడి చేతులు

ఫ్రేములన్నీ గోడకెక్కాక లేబుళ్లు అతికించే పని మిగిలింది. రేణు ఒక చివర మొదలుపెట్టింది, అంకిత రెండో చివర. లైబ్రరీ వాళ్ల నియమం ఒక్కటే: లేబుల్ ఫ్రేముకు కుడిపక్కన, కింది అంచుకు సమంగా ఉండాలి. ఇద్దరూ గోడ మధ్యలో, రాధాకృష్ణ గారి బొమ్మ దగ్గర కలుసుకున్నారు.

అది మంగళవారం. ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన మొదలవుతుంది. టెన్ మైల్ ప్రింట్ కోఆప్ అనే సహకార అచ్చుశాలలో సభ్యులైన చిత్రకారులు ఏడాది పొడుగునా వేసిన అచ్చుల్లోంచి తలా ఒకటి ఏరి, ఏటా మార్చిలో ఈ హాల్లో పెడతారు. నోవై అనే ఊళ్లో ఆ కోఆప్‌ను మొదలుపెట్టిందీ నడిపేదీ రేణు. తాళాలు, ఇంకు ఆర్డర్లు, ప్రెస్ ఎవరికి ఏ రోజు అన్న పంచాయితీలు, చివరికి ఈ లేబుళ్లు కూడా ఆమె చేతిమీదుగానే నడుస్తాయి.

రాధాకృష్ణ గారి బొమ్మ రైలు యార్డు. పట్టాలు, ఆగిన వ్యాగన్లు, స్తంభాలు, వాటి వెనక ఆకాశం. ఇందాక ఫ్రేము మోసుకొస్తుంటే లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఆపి చూసి, ఆ ఆకాశం ఎలా తెప్పించారని అడిగింది. మంచు పడబోయే ముందు ఇక్కడ సరిగ్గా అలాగే ఉంటుందంది. రేణు థాంక్స్ చెప్పింది. ఫ్రేము రెండో కొస అంకిత పట్టుకుని ఉంది.

ఇప్పుడు అంకిత లేబుల్ వెనక కాగితం ఒలిచి గోడకు ఆనించింది. బొటనవేలితో ఒక్కో వరుసా నొక్కుకుంటూ కిందికి వచ్చింది. చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, రాగి రేకు మీద ఎచింగ్ అన్న వివరం. చివరి వరుస దగ్గర వేలు ఆగింది. అక్కడ 'ప్రింటర్: రేణు వేదుల' అని ఉంది.

రేణు ఆ వేలినే చూస్తోంది. వేలు మళ్లీ కదిలింది. అంకిత రెండడుగులు వెనక్కి వేసి, తల వాల్చి చూసింది.

"కుడిదిక్కు కొంచెం వంగింది అక్కా," అంది.

లేబుల్ చిరగకుండా ఊడదీసింది. రేణు పేరు నేలకు సమంగా వచ్చేదాకా జరిపి, మళ్లీ అతికించింది. తర్వాత ఫోన్‌లో టైమ్ చూసుకుని, పాపని స్కూల్ నుంచి పిక్ చేసుకోవాలని చెప్పి, కోటు జిప్పు లాక్కుంటూ వెళ్లిపోయింది.

రేణు నిచ్చెన మడిచి గోడకు ఆనించి, మళ్లీ బొమ్మ ముందుకొచ్చి నిలబడింది. ఆ ఆకాశం రాగి రేకు మీద లేదు. రాధాకృష్ణ గారు సూదితో గీసి యాసిడ్‌తో కొరికించింది పట్టాలూ వ్యాగన్లూ స్తంభాలే. పై సగమంతా ఖాళీ రాగి. అచ్చు వేసే ముందు రేకంతా ఇంకు పూసి తుడుస్తారు. ఖాళీ రాగి మీద ఇంకు పొర ఎక్కడ వదలాలో, ఎక్కడ పల్చబరచాలో తుడిచే అరచెయ్యి తేలుస్తుంది. ఈ రేకు తుడిచిన చెయ్యి అంకితది. కోఆప్‌లో మూడేళ్లుగా దాదాపు అన్ని రేకులూ తుడిచింది ఆ చెయ్యే.

కోఆప్ ఉన్నది గ్రాండ్ రివర్ రోడ్డు మీద, ఒక టైర్ల షాపుకూ డాన్స్ స్కూల్‌కూ మధ్య. బుధవారం పొద్దున రేణు వెళ్లేసరికి గుమ్మం దగ్గర మూడు జతల బూట్లు, వాటి చుట్టూ రోడ్డు ఉప్పు కలిసిన మంచునీళ్లు. రాధాకృష్ణ గారు, అంకిత, డెనిస్ అప్పటికే పనిలో ఉన్నారు.

అచ్చు వేయడానికి ఇద్దరు కావాలి. ఒకరు రేకుకు ఇంకు పూసి తుడుస్తారు. వాళ్ల చేతులు మణికట్టుదాకా నలుపు. రెండోవారు కాగితం పడతారు. తడిపిన కాగితాన్ని అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైతడి తీసి, రేకు మీద పరిచి, ప్రెస్ తిరిగాక ఒలిచి తీస్తారు. ఆ కాగితం మీద నల్లటి వేలిముద్ర ఒక్కటి పడినా అది చెత్తబుట్టకే. కోఆప్ పెట్టిన కొత్తలో రేణు ఓసారి, కాగితం పట్టేవాళ్లు మడి కట్టుకున్నట్టే లెక్క, ఇంకు చేతులవాళ్లు వాళ్లని ముట్టుకోకూడదు అని నవ్వులాటకి అంది. ఆ మాట నిలిచిపోయింది. ముప్ఫయ్యేళ్లు కార్ల కంపెనీలకు ఉక్కు అచ్చులు కోసి రిటైరైన డెనిస్, ఇక్కడ ప్రెస్ బాగోగులు చూసే మనిషి, అతను కూడా పొద్దున్నే వచ్చి, "హూ ఈజ్ మ్యాడీ టుడే?" అనే అడుగుతాడు. రూలు కూడా అలాగే పడింది. ఎవరి బొమ్మ అచ్చవుతుంటే ఆ రోజు వాళ్లవి మడి చేతులు. ఇంకు ఇంకొకరు వేయాలి.

ఆ ఇంకొకరు వంతులవారీగా మారాలన్నది మొదటి ఆలోచన. అంకిత వచ్చాక వంతుల మాట ఎవరూ ఎత్తలేదు.

రాధాకృష్ణ గారు చలవ చేసిన చొక్కా చేతులు మడతపెట్టకుండానే ప్రెస్ దగ్గర నిలబడి ఉన్నారు. ఆటో ఇంజనీరుగా రిటైరయ్యాక బొమ్మలు మొదలుపెట్టారు. మాటకారి. వెనక గోడ దగ్గరి ఇంకు బల్ల ముందు అంకిత మరిన్ని అచ్చుల కోసం ఆయన యార్డు రేకునే మళ్లీ తుడుస్తోంది. గంజి పెట్టిన పల్చటి గుడ్డ ఉండగా చుట్టి, గుండ్రంగా తిప్పుతూ పట్టాల మీదుగా పోయింది. తర్వాత గుడ్డ పక్కన పెట్టి అరచేతిని ఏప్రన్‌కు ఒకసారి రాసుకుని, రేకు పై సగం మీద ఎడమనుంచి కుడికి జార్చింది. తల పైకెత్తి ఎటో చూసింది, మళ్లీ దించి జార్చింది. రేకును అంచులతో పట్టుకుని తెచ్చి ప్రెస్ పలక మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

రాధాకృష్ణ గారు కాగితం పరిచారు. డెనిస్ ఉన్ని దుప్పట్లు కప్పి చక్రం తిప్పాడు. దుప్పట్లు ఎత్తగానే రాధాకృష్ణ గారు రెండు మూలలు పట్టి కాగితాన్ని నెమ్మదిగా ఒలిచారు. ఆకాశం వచ్చింది.

"ఆహా. నీ హస్తవాసి మంచిదమ్మాయ్," అన్నారాయన. అంకిత నవ్వి, తర్వాతి దానికి ఇంకు కలపడానికి వెళ్లిపోయింది.

ఆరిన అచ్చుల మీద ముద్ర వేయడం రేణు పని. కాగితం కింది మూలలో, చిత్రకారుడి సంతకానికి పక్కన, అచ్చు వేసినవాళ్ల ముద్ర ఒకటి నొక్కుతారు. దానికి ఇంకు ఉండదు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తేనే కనిపిస్తుంది. పని నేర్చుకున్న ప్రతి సభ్యుడికీ సొంత ముద్ర ఉంటుంది. అంకితకు లేదు. ఆమె వేసినవాటి మీద రేణు తన ముద్రే వేస్తూ వచ్చింది. ఇవాళ కూడా మొదటి కాగితం మూల సర్ది, ముద్ర చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకుని, కింద పెట్టేసింది. ఇంకా తడి ఉందేమో, తర్వాత వేస్తానని రాధాకృష్ణ గారితో చెప్పింది. తడి లేదు.

అందరూ వెళ్లాక డెనిస్ సింకు దగ్గర వంటనూనెతో చేతుల నలుపు వదిలించుకుంటుంటే రేణు అడిగింది, అంకిత ముద్ర గురించి ఇన్నాళ్లూ నువ్వెందుకు అడగలేదని. అతను చేతులు రుద్దుకోవడం ఆపలేదు. ఆమె వీసా సంగతి తేలేదాకా పేరు ఎక్కడా పెట్టొద్దని నువ్వేగా చెప్పావు, ఇంకా తేలలేదనుకున్నాను, అన్నాడు.

అవును. మూడేళ్ల కింద అంకిత భర్త అనీష్ ఆమెను మొదటిసారి దింపడానికి వచ్చినప్పుడు, డిపెండెంట్ వీసా అండీ, వాలంటీరింగ్ వరకు ఓకే, పేరు మాత్రం ఎక్కడా రానివ్వకండి అన్నాడు. రేణు సరేనంది. వీసా మీద ఉన్నవాళ్ల భయం తనకూ తెలిసిందే. ఒకప్పుడు తానూ అలాగే సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా రెండుసార్లు ఆగింది.

గురువారం రేణు కొత్త లేబుల్ ప్రింట్ తీసుకుని వచ్చింది. మధ్యాహ్నం అంకిత ఒక్కతే ఉంది. బల్ల మీద గట్టిపడిన ఇంకును బ్లేడుతో గీకుతోంది. రేణు లేబుల్ ఆమె ముందు పెట్టింది. 'ప్రింటర్: అంకిత గుండేటి.'

"మొన్నటిది నా తప్పు," అంది రేణు. "నీ పేరే ఉండాలి. కానీ మీ వీసా సంగతి ఉంది కదా. రాత్రికి అనీష్‌ని అడిగి చెప్పు. ఇబ్బంది లేదంటే రేపే మార్చేస్తా."

అంకిత బ్లేడు పక్కన పెట్టింది. లేబుల్ వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. చేతులకు ఇంకు ఉంది.

"నాకు వర్క్ పర్మిట్ వచ్చి ఏడాది దాటింది అక్కా."

రేణు లేబుల్ మీంచి తల ఎత్తి ఆమెను చూసింది.

"వచ్చినరోజు సున్నుండలు తెచ్చిన కదా. ఈ బల్ల మీదనే పెట్టిన. ఎందుకు అంటే చెప్పిన కూడా. మీరు రెండు తిన్నరు. నెయ్యి మంచిగుంది, ఎక్కడిదని అడిగిన్రు."

రేణుకు నెయ్యి గుర్తొచ్చింది. స్టీలు డబ్బా గుర్తొచ్చింది. చేతులకు ఇంకు ఉన్నవాళ్లకు అంకితే టిష్యూ పేపర్లో పెట్టి ఇచ్చింది. ఆ రోజు డెనిస్ రాలేదు, మిగతా అందరూ కంగ్రాట్స్ అన్నారు. రేణు కూడా అంది. ఆ తర్వాత ఫోన్ వచ్చింది, ఎవరో ప్రెస్ రోజు మార్చమని.

"మరి నువ్వైనా మళ్లీ అడగొచ్చు కదా," అంది. అంటుండగానే ఆ మాట తనకే బాగా లేదనిపించింది.

"అనుకున్న. మీరే అంటరని చూసిన. వారం చూసిన, నెల చూసిన. తర్వాత అడగాలంటే నామోషీ అయింది." అంకిత గుడ్డ తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది. "లేబుల్ మీరే రాసిన్రు, మీరే దిద్దుకోండి. అనీష్‌ని అడిగేది ఏం లేదు. నాకు కావాల్సింది వేరే ఉంది."

"చెప్పు."

"శనివారం ప్రెస్."

ఆమె తన బ్యాగులోంచి పాత చున్నీలో చుట్టిన రాగి రేకు ఒకటి తీసింది. రెండు అరచేతులంత ఉంటుంది. రేణు కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది. యాసిడ్ పనేమీ లేదు, ఉక్కు సూదితో నేరుగా రాగిలోకి గీరిన గీతలు. ఇంట్లో వంటగట్టు మీద, పాప పడుకున్నాక చేసుకున్నానని అంకిత చెప్పింది. మంచు. మంచులో టైర్ల దొంతి. ఒక పక్కకి ఒరిగిన దీపస్తంభం. దానికి గొలుసుతో కట్టేసిన బెంచీ. బెంచీదాకా ఒకే మనిషి నడిచిన అడుగులు. చుట్టూ కిటికీ చట్రంలాంటి నాలుగు గీతలు. పైన చాలా చోటు ఖాళీగా వదిలింది.

"ఎక్కడిది ఇది? మీ అపార్ట్‌మెంట్ వెనకా?"

"మీకు తెల్వదా?"

"లేదు."

"సరే తియ్యండి," అని అంకిత నవ్వింది.

రేణు రేకు మీద వేలు పెట్టకుండా గీతల వెంట చూపు నడిపింది. ఇలా గీరిన రేకుకు గీత పక్కన నూగులాగా రాగి అంచు లేస్తుంది. ఇంకు పట్టుకునేది ఆ నూగే. ప్రెస్ కిందికి వెళ్లిన ప్రతిసారీ అది కొంచెం అణుగుతుంది. మంచి అచ్చులు కొన్నే వస్తాయి. ఒకటి చెడిందంటే తిరిగి రానిది చెడినట్టే.

"దీనికి ఇంకు నువ్వే వేసుకో అంకితా. రూలు సంగతి వదిలెయ్. నీ అంత బాగా ఇక్కడ ఎవరికీ రాదు."

"అందుకేనా అక్కా మూడేళ్లుగా నేనే వేస్తున్న?"

అందులో కోపం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. ఆ తర్వాత రేకును మళ్లీ చున్నీలో చుట్టుకుంటూ అంది:

"అందరికున్న రూలే నాకూ కావాలి. చెడిపోతే చెడిపోనీ. ఆ రోజు నావి మడి చేతులు. ఇంకు ఎవరేస్తరో మీరు చూడండి."

శుక్రవారం రేణు లైబ్రరీకి వెళ్లి పాత లేబుల్ ఊడదీసింది. కొత్తది అతికిస్తుంటే వెనకనుంచి రాధాకృష్ణ గారి గొంతు వినిపించింది. తన బొమ్మ ఎక్కడ పెట్టారో చూసుకుందామని వచ్చారు. ఆయన కళ్లజోడు సర్దుకుని కొత్త లేబుల్ చదివారు. ఆ అమ్మాయి పేరు మొదటినుంచీ ఉండాల్సింది, తను లేకపోతే మన పని నడుస్తుందా అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఏ కష్టమూ కలగలేదు. రేణు ఆ ఊపులోనే శనివారం సంగతి ఎత్తింది. రేపు ప్రెస్ ఆయనది. ఆదివారం వచ్చే స్నేహితులకు ఇస్తానన్న అచ్చులు ఇంకా మిగిలే ఉన్నాయి. రేపటి రోజు అంకితకు ఇవ్వాలని అడిగింది.

"ఇద్దాం. దానికేం," అన్నారాయన. అంతలోనే ఆగారు. "మరి నాకు ఇంకు ఎవరు వేస్తారండీ?"

"వచ్చే వారం నేను వేస్తాను. లేదా డెనిస్. మిగతావాళ్లకి మీరు కూడా వేయాలి. మళ్లీ వంతులు పెడుతున్నా."

"మీరు చెయ్యి పెట్టి ఎన్నాళ్లయిందీ?"

"చాలా రోజులైంది."

ఆయన గోడమీది యార్డు వైపు తిరిగారు. అక్కడే చాలాసేపు చూశారు.

"ఆకాశం వస్తుందా రేణుగారూ?"

"రాదు," అంది రేణు. "మొదట్లో రాదు."

రాధాకృష్ణ గారు కోటు బొత్తాలు కింది నుంచి పై దాకా పెట్టుకున్నారు. అవుననలేదు, కాదనలేదు. పార్కింగ్ లాట్‌లో జారుతుంది చూసుకోండి అని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. రేణు కోఆప్‌కు వచ్చి, గోడమీది బోర్డులో శనివారం గడిలో ఆయన పేరు తుడిచి, అంకిత పేరు రాసింది.

శనివారం అంకిత తెల్ల చుడీదారు వేసుకుని వచ్చింది. ఆ గదిలోకి తెల్ల బట్టలతో ఎవరూ రారు. డెనిస్ పైనుంచి కిందిదాకా చూసి, "మ్యాడీ," అని తల వంచి దండం పెట్టాడు. జేబులోంచి వేలెడంత ఉక్కు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. కొస చదునుగా, అద్దంలా నునుపు చేసి ఉంది. నీ ముద్రకి ఏ బొమ్మ కోయాలో చెప్పు, అన్నాడు. అంకిత ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి, ఆలోచించుకుని వచ్చే వారం చెప్తానంది. ఇంటికి వెళ్లేదాకా దాన్ని మళ్లీ కింద పెట్టలేదు, చున్నీ కొసన ముడి వేసుకుంది.

రేణు ఏప్రన్ కట్టుకుని, గాజులు తీసి కిటికీ గట్టు మీద పెట్టి, ఇంకు బల్ల ముందుకు వెళ్లింది. ఒకప్పుడు ఈ బల్ల ముందుగదిలో ఉండేది. వచ్చేవాళ్లకు వాసన కొడుతోందని తనే వెనక గోడకు జరిపించింది. అప్పటినుంచి దాని దగ్గరికి ఇంకు డబ్బాలు పెట్టడానికి వచ్చింది గానీ నిలబడి పనిచేయలేదు.

ఇంకును కార్డుముక్కతో రేకు మీద పరిచింది. గంజి గుడ్డ ఉండ చుట్టింది. చెయ్యి మరిచిపోలేదనే అనుకుంది. గుండ్రంగా తిప్పింది, మరికాస్త తుడిచింది, శుభ్రంగా కనిపించేసరికి తృప్తిపడింది. అంకిత కాగితం పరిచింది, డెనిస్ చక్రం తిప్పాడు. ఒలిచి తీసిన కాగితం మీద టైర్లు పాలిపోయి వచ్చాయి. నూగులో ఉండాల్సిన ఇంకంతా రేణు తుడిచి పారేసింది. పైన ఖాళీ ఉత్త తెలుపు.

అంకిత దాన్ని కాసేపు చూసి, తీగ మీద ఆరేసింది. "ఇది టెస్ట్ అనుకుందాం," అంది.

రెండోదానికి రేణు భయపడి ఇంకు ఎక్కువ వదిలింది. బెంచీ, గొలుసు, అడుగులు కలిసి ఒక నల్ల మరకయ్యాయి. అంకిత దాన్ని ఒలిచి మొదటిదాని పక్కన ఆరేసింది. రెండు పోయాయి. ఈ రేకుకు ఉన్న ఆయుష్షులో రెండు. రేణు గుడ్డ చేతిలో పట్టుకుని ఆమె వైపు తిరిగింది. నువ్వే వేసుకో అనబోయింది. నోటిదాకా వచ్చింది. అంకిత తన చేతులు రెండూ ఛాతీ ఎత్తున, దేన్నీ తాకకుండా పట్టుకుని నిలబడి ఉంది. ఇంకు బల్లకు అడుగు దూరంలో ఉండి కూడా ముందుకు రాలేదు.

"చెప్పు," అంది రేణు. "ఏం తప్పు చేస్తున్నానో చెప్పు."

"తుడుస్తున్నరు అక్కా. మురికి తుడిచినట్టు తుడుస్తున్నరు. గుడ్డని నొక్కకండి, ఆనించండి చాలు. గీతల మీద ఆగొద్దు, పోతూనే ఉండాలె. పైన మాత్రం గుడ్డ వద్దు. చెయ్యే."

అప్పుడే తలుపు తెరుచుకుని చలిగాలి వచ్చింది. రాధాకృష్ణ గారు బూట్లు దులుపుకుని లోపలికొచ్చారు. చేతిలో పులిహోర డబ్బా. మా ఆవిడ పంపింది అంటూ ముందుగదిలో పెట్టి, తీగ మీద ఆరుతున్న రెండు కాగితాల దగ్గరికి వెళ్లారు. చేతులు వెనక్కి కట్టుకుని, మొదటిది చూశారు, రెండోది చూశారు. అవి ఎవరు వేశారని అడగలేదు. నల్లగా అలికిన కాగితం ముందు ఎక్కువసేపు ఉన్నారు. తర్వాత వాచీ విప్పి ప్యాంటు జేబులో వేసుకున్నారు. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచారు.

"తర్వాతది నేను తుడవనా? చూసి నేర్చుకుంటా. పాడు చేస్తానేమో మరి."

"పాడు చేయడానికి ఈ రేకుకి ఇంక ఓపిక లేదు అంకుల్," అంది అంకిత. "ఇవాళ చూడండి. వచ్చే వారం మీ యార్డు రేకు మీద నేర్పిస్త. దాన్ని ఎంత పాడుచేసినా ఏం కాదు, గట్టిది."

"అంటే నా బొమ్మ పాడైనా పర్లేదన్నమాట."

"అన్నమాటే."

డెనిస్‌కు తెలుగు రాదు గానీ పెద్దగా నవ్వాడు. రాధాకృష్ణ గారు కూడా నవ్వి, గంజి గుడ్డ చుట్ట తీసుకుని, జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించడం మొదలుపెట్టారు. మధ్యలో తల ఎత్తి, "సైజు సరిపోతుందా అంకితా?" అని అడిగారు. ఆయన నోట ఆ పేరు ఇంతకుముందు విన్న గుర్తు రేణుకు లేదు. ఎప్పుడూ అమ్మాయే.

మూడోసారి రేణు నిదానంగా పరిచింది. గుడ్డను రేకు మీద ఆనించి పోనిచ్చింది. టైర్ల మీదుగా, స్తంభం మీదుగా, ఆగకుండా. అంకిత వెనకనుంచి చాలు, చాలు అంది. రేణు గుడ్డ పక్కన పెట్టి, అరచేతిని ఏప్రన్‌కు రాసుకుని, రేకు పై సగం మీద జార్చింది. ఒకసారి. నుదుటి మీదికి జుట్టు పడింది. వేళ్లతో తోసుకోవడానికి లేదు. తల పైకెత్తి మోచేతితో పక్కకు నెట్టుకుంది.

ఎత్తిన తలకు ఎదురుగా కిటికీ ఉంది. వెనక గోడకు పైన, బల్ల ముందు నిలబడ్డవాళ్ల కళ్ల ఎత్తులో చిన్న కిటికీ. బయట టైర్ల షాపు వెనక పెరడు. మంచులో టైర్ల దొంతి. ఒరిగిన దీపస్తంభం, దానికి గొలుసుతో కట్టేసిన బెంచీ. పొద్దున ఎవరో మెకానిక్ సిగరెట్‌కి వచ్చి వెళ్లాడేమో, బెంచీదాకా ఒక వరుస అడుగులు. వాటన్నిటి పైన, కప్పుల దాకా దిగి, మంచు పడబోయే ముందటి ఆకాశం. కింద పల్చగా, పైకి పోయేకొద్దీ చిక్కగా.

రేణు తల దించింది. రేకు వైపు చూసింది. మళ్లీ తల ఎత్తి ఆకాశాన్ని చూసి, అరచేతిని రెండోసారి జార్చింది, అక్కడ పల్చగా ఉన్నచోట పల్చగా, చిక్కగా ఉన్నచోట ఆపి. వెనకనుంచి అంకిత చాలు అనలేదు. రేణు తనంతట తానే ఆగింది.

రేకును అంచులతో పట్టుకుని ప్రెస్ దగ్గరికి తెచ్చి, పలక మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది. అంకిత కాగితం రెండు మూలలు పట్టి, గాలి చేరకుండా ఒక పక్కనుంచి వాల్చింది. డెనిస్ దుప్పట్లు కప్పాడు. చక్రం తిరిగింది. రాధాకృష్ణ గారు కత్తెర పట్టుకునే దగ్గరికి వచ్చారు. దుప్పట్లు ఎత్తాక అంకిత వెంటనే ఒలవలేదు. కాగితం వెనక రేకు అంచులు ఉబ్బిన చోట ఒక్కసారి వేలితో తడిమింది. తర్వాత మూల పట్టి పైకెత్తింది.

డెనిస్ కూడా చక్రం వదిలి ఇటు వచ్చాడు.

టైర్లు వచ్చాయి, గొలుసు లంకెలతో సహా వచ్చింది, అడుగులు వచ్చాయి. వాటి మీద ఆకాశం ఉంది. అంకిత చెయ్యి తెచ్చే ఆకాశం కాదు. ఒక పక్క కాస్త గరుకుగా, ఒకచోట చెయ్యి తడబడిన జాడతో ఉంది. అంకిత దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక గోడ దగ్గరికి నడిచి, కిటికీ పక్కన ఎత్తి పట్టింది. కాగితంలోని దొంతీ బయటి దొంతీ పక్కపక్కనే వచ్చాయి.

"దొరికిందా అక్కా, ఎక్కడిదో?"

రేణు తల ఊపింది. ఇంకా దగ్గరగా చూద్దామని ముందుకు వంగి, తనకు తెలియకుండానే కాగితం అంచు పట్టుకోవడానికి చెయ్యి చాచింది. చెయ్యి మణికట్టుదాకా నల్లగా ఉంది.

అంకిత కాగితాన్ని చటుక్కున పక్కకు తీసుకుంది.

"ముట్టుకోకండక్కా," అంది. "మడి."

రేణు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మెడ మాత్రం ముందుకు చాచి చూసింది.